చిట్టీ రాసిస్తే సరిపోదు, తోడు పోవాలె



"పెద్ద దవాఖానకు రాసిచ్చినం. వాళ్లే పోలేదు."

పీహెచ్‌సీలోనో, ఏరియా దవాఖానలోనో, మండల మీటింగులోనో ఈ మాట మీలో చాలామంది వినే ఉంటారు. దీని వెనకే ఇంకో మాట వస్తది: "ఎంత చెప్పినా వినరు, వీళ్లింతే." చెప్పినాయన రిజిస్టర్‌లో రెఫర్ చేసినట్టు రాసుకుంటడు. ఆయన లెక్కలో పని అయిపోయింది. ఇక్కడ తండాలో, పెంటలో, ఊరి చివరి వాడలో ఆ చిట్టీ గూట్లోనో రేకు డబ్బాలోనో ఉండిపోతది. మనిషి మంచంలోనే ఉంటడు.

అయిజ నుంచి అచ్చంపేట దాకా, నడిగడ్డ నుంచి నల్లమల దాకా జరుగుతున్న ఈ సంగతి మీద మనం ఒక నిర్ణయానికి రావాలి. పోని మనిషిని మొండి అనడం సులువు. పాపం అనడం ఇంకా సులువు. ఆ రెండింటితోనూ ప్రాణం నిలవదు. చిట్టీ అందుకున్న మనిషి 'సరే' అనాలంటే ఏమేం ఉండాలో తెలుసుకోవాలి. అవి ఉండేటట్టు చూడాలి. ఇది ప్రభుత్వం పనే. కానీ చదువుకున్న మన పిల్లలు చేయగలిగిన పని కూడా ఇందులో ఉంది.

మన ఫ్యామిలీ డాక్టర్ ఎవరు?

ఇంగ్లండులో 1948 నుంచి ప్రతి కుటుంబానికీ పేరు రాయించుకున్న డాక్టరు ఉంటడు. జబ్బు వస్తే మొదట ఆయన దగ్గరికే పోవాలి. ఆయన ఉత్తరం రాస్తేనే పెద్దాసుపత్రిలో స్పెషలిస్టు చూస్తడు. చూసినంక ఏం చేసిండో మళ్లీ ఆ డాక్టరుకే రాసి పంపుతడు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్ 6న 'ఫ్యామిలీ డాక్టర్' పేరుతో ఒక కార్యక్రమం మొదలుపెట్టిన్రు. పీహెచ్‌సీ డాక్టరు నెలకు రెండుసార్లు అదే ఊరికి రావాలి, అవే కుటుంబాలను చూడాలి అన్నది దాని ఆలోచన. తెలంగాణలో పల్లె దవాఖానలు వచ్చినయి.

మరి మన దగ్గర నిజంగా ఫ్యామిలీ డాక్టర్ ఎవరు? రాత్రి పదకొండింటికి తలుపు కొడితే లేచేది ఎవరు? పైసలు పంట మీద ఇస్తనంటే ఊకునేది ఎవరు? ఊర్లో ఉండే ఆర్‌ఎంపీ. ఆయనకు డిగ్రీ లేదు. చేయకూడని వైద్యం చేస్తడు, అక్కర లేని సూదులు, సెలైన్లు పెడతడు. ఇవన్నీ నిజాలే. కానీ ఆయనకు మీ అవ్వ పేరు తెలుసు, మీ నాయినకు పోయినేడు ఏం జబ్బు చేసిందో తెలుసు. ఆయన తర్వాత ఏఎన్‌ఎం, ఆశా. పీహెచ్‌సీ డాక్టరు ఆ తర్వాతే. ఆయన బదిలీ మీద వస్తడు, బదిలీ మీద పోతడు.

ఇప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి. "ఇది మనతోని కాదు, పెద్ద దవాఖానకు పోండి" అని ముగ్గురు చెప్పిన్రు అనుకుందాం. ఎవరు చెప్తే మన ఇంట్లో బట్టలు సర్దుతరు? చాలా ఇండ్లల్లో ఆర్‌ఎంపీ చెప్తేనే. ఆయన మాట నడవడానికి చదువు కారణం కాదు. చాలాసార్లు ఆయనే ఆటో మాట్లాడతడు, అక్కడ తెలిసినోళ్లకు ఫోన్ చేస్తడు, ఒక్కోసారి తనే బండెక్కుతడు. ప్రభుత్వ దవాఖాన ఇచ్చేది కాగితం. ఆర్‌ఎంపీ ఇచ్చేది తోడు.

ఆ తోడుకు ఒక ధర ఉన్నదని కూడా దాచుకోవద్దు. పేషెంటును తెచ్చినందుకు కమిషన్ ఇచ్చే ప్రైవేటు ఆసుపత్రులు ఉన్నయి. అందుకే మన మనిషి ప్రభుత్వ దవాఖానకు పోవాల్సింది పోయి, పట్నంలో ఏదో నర్సింగ్ హోం మెట్లెక్కుతడు. జబ్బు నయమయ్యేలోపు ఎకరం పోతది. నమ్మకం ఒకరి దగ్గర ఉంది, ఉచిత వైద్యం ఇంకొకరి దగ్గర ఉంది. ఈ రెండూ ఒక్క చోటికి రాకపోవడమే మన గోస.

'పోను' అనే మాట వెనక లెక్క

అయిజ చుట్టుపక్కల నేలంతా సీడ్ పత్తి. గట్టు, మల్దకల్, ధరూర్ మండలాలు కూడా అంతే. క్రాసింగ్ పని తెలిసినోళ్లకు చెప్పనక్కర్లేదు. సాయంత్రం మొగ్గ గిల్లాలి, తెల్లారి పుప్పొడి అద్దాలి. ఒక్క పూట తప్పినా ఆ పూత పోయినట్టే. ఆర్గనైజర్ దగ్గర ముందే అడ్వాన్సు తీసుకొని ఉంటరు. సరిగ్గా అదే కాలంలో ఇంటి ఆడమనిషికి రక్తం తక్కువుందనో, గర్భసంచిలో గడ్డ ఉందనో చెప్పి 'గద్వాలకు పోండి, అక్కడ్నుంచి మహబూబ్‌నగర్ పోవాల్సి రావచ్చు' అంటే ఆ ఇల్లు ఏం లెక్క వేస్తది?

రోగి కూలి పోతది, తోడు పోయే మనిషి కూలి పోతది. ఇంట్లో చిన్నపిల్లలను ఎవరు చూడాలి? బర్రెకు మేత ఎవరెయ్యాలి? అక్కడ ఎన్ని రోజులుంచుతరో ఎవరూ చెప్పరు. ఇంటి మగమనిషి మేస్త్రీ వెంట పుణెకో ముంబైకో పోయి ఉంటే 'సరే' అనేటందుకు కూడా మనిషి లేడు. పాలమూరు వలస తెలిసిన మనకు ఇది కొత్త ముచ్చట కాదు. ఆమె 'క్రాసింగ్ అయినంక పోత' అంటది. డాక్టరు చెవికి అది నిర్లక్ష్యం లెక్క వినపడతది. నిజానికి అది ఇంటి బడ్జెట్. ఆ బడ్జెట్‌లో అందరికన్నా చివర ఉండేది ఆడమనిషి ఒళ్లు.

'ఆరోగ్యశ్రీ ఉంది కదా, ఇంకేం?' అంటరు. ఉంది. అది మొదలైందే మన దగ్గర. 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి రాష్ట్రంలో మొదటి విడతగా తీసుకున్న మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. మిగతావి అనంతపురం, శ్రీకాకుళం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అప్పుడు మహబూబ్‌నగర్‌లోనే ఉండె. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆ పథకం పరిమితి 10 లక్షల రూపాయలు. గుండె ఆపరేషన్లు, క్యాన్సర్ వైద్యాలు దానివల్ల ఎంతోమందికి అందినయి. కాదనలేం.

కానీ ఆరోగ్యశ్రీ దవాఖాన గేటు లోపల మొదలైతది. మన ఖర్చు ఇంటి గడప దగ్గరే మొదలైతది. గడపకూ గేటుకూ నడుమ ఉన్నదాంట్లోనే మన మనుషులు ఆగిపోతున్నరు. ఆపరేషన్‌కు 10 లక్షలు ఇచ్చే సర్కారు, తోడు వచ్చినామె మూడు రోజుల తిండికి, పండుకునే జాగకు పైసలు పెట్టకపోతే ఆ 10 లక్షలు ఆమెకు అందనట్టే.

నది దాటితే వేరే రాష్ట్రం

నడిగడ్డ మనుషులకు ఇంకో తిప్పలు ఉంది. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న ఈ నేలకు పెద్దాసుపత్రి అంటే తరతరాలుగా కర్నూలే. అయిజ పడమటి ఊర్లకు రాయచూరు. హైదరాబాద్ దాదాపు 200 కిలోమీటర్లు. కర్నూలు తుంగభద్ర అవతలి ఒడ్డే. 2014 జూన్ 2 తర్వాత ఆ అవతలి ఒడ్డు వేరే రాష్ట్రమైంది. రాయచూరు అంతకుముందు నుంచే కర్ణాటక. పాత చుట్టరికం, సంత, బస్సు అన్నీ కర్నూలు దిక్కు లాగుతయి. కార్డు, రెఫరల్ కాగితం హైదరాబాద్ దిక్కు లాగుతయి.

హద్దు ఎంత పని చేస్తదో 2021 మేలో చూసినం. కరోనా రెండో అల రోజుల్లో ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాద్‌కు రోగులను తెస్తున్న అంబులెన్సులను అలంపూర్ దగ్గర పుల్లూరు చెక్‌పోస్టు కాడ ఆపేసిన్రు. ఊపిరాడని మనుషులు రోడ్డు మీద ఉన్నరు. ఆఖరికి తెలంగాణ హైకోర్టు జోక్యం చేసుకొని, ముందే అనుమతి ఉండాలన్న సర్కారు ఉత్తర్వును నిలిపేసింది. ఆ రోజు ఆగింది అవతలి ఒడ్డు మనుషులు. అదే గీత రేపు మనకూ అడ్డం పడొచ్చు.

హద్దు దాటి వైద్యం ఇప్పించడం కాని పనేమీ కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరు 1 నుంచి హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలో ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో కూడా తమ ఆరోగ్యశ్రీ చెల్లేటట్టు చేసింది. తెలంగాణ కూడా నడిగడ్డ కోసం కర్నూలుతో, రాయచూరుతో అలాంటి ఏర్పాటు గట్టిగా చేయాలని అడగడంలో తప్పేముంది? మనిషి ప్రాణం పోయేటప్పుడు దగ్గరి దవాఖాన ఏదో చూడాలె, ఏ రాష్ట్రందో కాదు.

గద్వాల జిల్లాలో గిరిజనుల సంఖ్య చాలా తక్కువ. అక్కడో తండా, ఇక్కడో పది ఇండ్లు. అందుకే గిరిజన వైద్యం అనంగనే అధికారుల కండ్ల ముందు భద్రాచలం, ఉట్నూరు, ఏటూరునాగారం కనపడతయి గానీ అయిజ కనపడదు. తక్కువమంది ఉన్నరు కాబట్టి లెక్కలోకి రారు అనే మాటను మనం ఒప్పుకోవద్దు.

నల్లమలలో మెట్టు మీద మెట్టు

ఇదే పాత పాలమూరుకు తూర్పు అంచున నల్లమల. చెంచు పెంటలకు వస్తే దూరం లెక్కే మారిపోతది. మైదానంలో 30 వేల మందికి ఒక పీహెచ్‌సీ ఉండాలని నియమం. గిరిజన ప్రాంతంలో 20 వేల మందికి ఒకటి. ఉపకేంద్రం అయితే మైదానంలో 5 వేలకు, గిరిజన ప్రాంతంలో 3 వేలకు. వినడానికి బాగానే ఉంది. కానీ పెంటలో ఉండేది కొన్ని పదుల కుటుంబాలు. తలకాయలు లెక్కపెట్టే నియమం అడవిలో నడకను లెక్కపెట్టదు.

లోపలి పెంట నుంచి మనిషిని మన్ననూరుకో అమ్రాబాద్‌కో తెస్తే అక్కడ అచ్చంపేటకు రాస్తరు. అచ్చంపేటలో నాగర్‌కర్నూల్‌కు రాస్తరు. అక్కడ మహబూబ్‌నగర్‌కు, ఆఖరికి ఉస్మానియాకో గాంధీకో. ప్రతి మెట్టు దగ్గర మళ్లీ లైను, మళ్లీ చిట్టీ, మళ్లీ అవే ప్రశ్నలు. పులుల అభయారణ్యం కాబట్టి శ్రీశైలం రోడ్డులో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మామూలు వాహనాలను ఆపేస్తరు. ఆపదలో ఉన్న బండిని వదలాలె, వదులుతరు కూడా. కానీ పెంటలో ఉన్న మనిషికి గేటు అంటేనే ఒక భయం. అటవీ శాఖ గేటు దగ్గర ఆపి అడిగించుకున్న జ్ఞాపకాలు మూడు తరాలవి.

2022 నవంబరులో నాగర్‌కర్నూల్, వనపర్తి మెడికల్ కాలేజీలు మొదలైనయి. 2024లో గద్వాలకు కూడా వచ్చింది. మంచిదే. మెట్లు తగ్గాలి. అయితే కాలేజీ బోర్డు దగ్గరికి వచ్చినంత మాత్రాన డాక్టరు, మత్తు డాక్టరు, రక్తనిధి, స్కానింగ్ దగ్గరికి వచ్చినట్టు కాదు. అవి ఉన్నయా లేవా అని అడగడం మన హక్కు.

ఈ మెట్ల గురించి దేశ అత్యున్నత న్యాయస్థానమే మాట్లాడింది. 1992 జూలైలో పశ్చిమ బెంగాల్‌లో హకీం షేక్ అనే వ్యవసాయ కూలీ రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలించుకున్నడు. ఒక సర్కారు దవాఖాన నుంచి ఇంకోదానికి తిప్పిన్రు. పడక లేదు, వసతి లేదు అని ఎవరూ చేర్చుకోలేదు. చివరికి ప్రైవేటులో చూపించుకున్నడు. పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి అనే కూలీల సంఘం ఆయన తరఫున కోర్టుకెక్కింది. 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది: అత్యవసర వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును కాలరాయడమేనని, పైసలు లేవనే మాట సర్కారు చెప్పడానికి వీల్లేదని. పెద్ద వకీళ్లు తెచ్చిన కేసు కాదిది, కూలీల సంఘం తెచ్చింది. గుర్తు పెట్టుకోండి.

మర్యాద లేని చోటికి ఎవరు పోతరు?

ఖర్చు, దూరం ఒక ఎత్తు. ఇంకోటి ఉంది, దాని గురించి మనోళ్లు బయటికి చెప్పరు. ఒకసారి పోయొచ్చినంక మళ్లీ పోరు. ఎందుకని అడిగితే 'ఊకనే' అంటరు. ఆ 'ఊకనే'లో చాలా ఉంటది. "స్నానం చేసి రావాలని తెల్వదా?", "ఇంతమంది పిల్లలెందుకు కన్నవ్?", "అడవిలో ఉండేటోళ్లకు ఏం చెప్తే ఏం అర్థమైతది?" ఈ మాటలు పడ్డ మనిషి చావనైనా చస్తడు గానీ ఆ గడప తొక్కడు. తండా అవ్వకు గోర్‌బోలీ తప్ప రాదు. చెంచు తాత మాట్లాడేది తెలుగే అయినా డాక్టరు తెలుగు, తాత తెలుగు ఒక్కటి కాదు. కడుపులో నొప్పి ఎట్లుంది అని అడిగితే చెప్పేటందుకు ఆయన దగ్గర మాట ఉంది, వినేటందుకు అక్కడ చెవి లేదు.

ఇది మన దగ్గరి రోగమే కాదు. కెనడాలో క్యూబెక్ రాష్ట్రంలో అటికమెక్ అనే ఆదివాసీ తెగకు చెందిన జాయిస్ ఎచక్వాన్ అనే ఆమె, ఏడుగురు పిల్లల తల్లి, 37 ఏండ్లు. కడుపునొప్పితో జోలియెట్ పట్టణంలోని ఆసుపత్రిలో చేరింది. 2020 సెప్టెంబరు 28న చనిపోయింది. చనిపోయే ముందు ఆమె తన ఫోన్‌లో లైవ్ పెట్టింది. మంచం పక్కన నిలబడి సిబ్బంది ఆమెను తిట్టడం, ఎగతాళి చేయడం లోకమంతా విన్నది. విచారణ జరిపిన అధికారి, ఆమె చావులో జాతి వివక్షకు పాత్ర ఉందని తేల్చి చెప్పింది. ఆ తర్వాత ఆమె జాతి మనుషులు 'జాయిస్ సూత్రం' పేరుతో, వివక్ష లేకుండా వైద్యం పొందే హక్కును గుర్తించాలని డిమాండ్ పెట్టిన్రు. డబ్బున్న దేశంలో, వైద్యం ఉచితమైన చోట జరిగింది ఇది. అవమానం కూడా ప్రాణం తీస్తదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అయినా 'పోను' అంటే చావే

ఇన్ని కారణాలు చెప్పినం కదా, ఇగ 'పోకపోవడమే మేలు' అని ఎవరూ అనుకోవద్దు. కారణం న్యాయమైనదైనా సరే, గడిచిపోయిన గంట తిరిగి రాదు. పోని మనిషిని అర్థం చేసుకున్నమని మనం సంతృప్తి పడితే, ఆ మనిషి చచ్చిపోయినంక ఆ అర్థానికి విలువ లేదు.

తల్లుల చావుల మీద పరిశోధన చేసిన తాడియస్, మెయిన్ అనే ఇద్దరు 1994లో మూడు ఆలస్యాల గురించి రాసిన్రు. పోవాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం. పోయి చేరడంలో ఆలస్యం. చేరినంక వైద్యం అందడంలో ఆలస్యం. అధికారులు ఎప్పుడూ మొదటిదాన్నే చూపెడతరు, ఎందుకంటే ఆ తప్పు మన మీదికి వస్తది. కానీ ఈ మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నయి. పోయినసారి మూడో ఆలస్యం చూసినామె, ఈసారి మొదటి ఆలస్యం చేస్తది.

కొన్నిటికి మాత్రం ఆలోచించే టైం లేదు. గర్భిణికి రక్తం పోతున్నా, ఫిట్స్ వచ్చినా, కాళ్లు ముఖం ఉబ్బి తలనొప్పి, కండ్లు మసకలు వచ్చినా. పసిగుడ్డు పాలు తాగడం మానేసినా, ఒళ్లు చల్లబడ్డా, రొమ్ము ఎగరేస్తూ ఊపిరి తీసినా. పాము కరిచినా. మూతి వంకరపోయి ఒక చెయ్యి పడిపోయినా. ఛాతీలో బరువెక్కి చెమటలు పట్టినా. ఇవి వస్తే చర్చ లేదు, 108 కొట్టాలి. రెండు వారాలు దాటిన దగ్గుకు గంటల తొందర లేకపోయినా తెమడ పరీక్షకు పోవాల్సిందే. టీబీ అని తేలితే మందులు ఉచితం, తిండికి నెలకు 1000 రూపాయలు వస్తయి. 2024 నవంబరు దాకా అది 500 ఉండె.

ఇంకో సంగతి. రాసిచ్చిన ప్రతి చిట్టీ సరైందే అని కూడా లేదు. రిస్కు మనకెందుకని ముందుకు తోసేటోళ్లు ఉన్నరు. కమిషన్ కోసం రాసేటోళ్లు ఉన్నరు. అందుకే అడగాలె. ఏం జబ్బని అనుమానం? ఎంతసేపట్ల పోవాలి? ఏ దవాఖాన, అందులో ఏ విభాగం? అక్కడ ఎవరిని కలవాలి? కార్డు చెల్లుతదా? తిరిగొచ్చినంక మమ్మల్ని ఎవరు చూస్తరు? ఈ ఆరు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన డాక్టరు మాట మీద బయలెల్లొచ్చు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం ముందు బండి ఎక్కాలె, ప్రశ్నలు బండిలో అడగాలె.

'సరే' అన్న చోట ఏం చేసిన్రు?

గోదావరికి అవతల మహారాష్ట్ర గడ్చిరోలిలో డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ 1986లో 'సెర్చ్' అనే సంస్థ పెట్టిన్రు. దవాఖాన కట్టేముందు గోండు జనాన్ని అడిగిన్రు: మీరు ఆసుపత్రికి ఎందుకు రారు? పెద్ద బంగ్లాలు చూస్తే భయమని, చుట్టాలను లోపలికి రానియ్యరని, అక్కడ తమ దేవత లేదని వాళ్లు చెప్పిన్రు. అప్పుడు దవాఖానను గోండు గూడెం లెక్క గుడిసెల వరసగా కట్టిన్రు. చుట్టాలు పక్కనే ఉండి వండుకోవచ్చు. దంతేశ్వరి తల్లి పేరు పెట్టిన్రు. జనం వచ్చిన్రు.

అక్కడే ఇంకో పాఠం ఉంది. జబ్బు చేసిన పసిబిడ్డను ఆసుపత్రికి తీసుకుపొమ్మంటే చాలామంది తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. తిట్టి ఊరుకోలేదు వాళ్లు. ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి ఇంటి దగ్గరే చూసే ఏర్పాటు చేసిన్రు. పసిబిడ్డల చావులు సగానికి పైగా తగ్గినయి. ఆ ఫలితాలు 1999లో లాన్సెట్ పత్రికలో అచ్చైనయి. ఇవాళ మన ఆశా అక్క బాలింత ఇంటికి వచ్చి పసిబిడ్డను తూచి చూస్తున్నదంటే దాని మూలం అక్కడుంది. ఊర్లో అయ్యే వైద్యం ఊర్లోనే చేస్తే, నిజంగా పోవాల్సినప్పుడు చెప్పిన మాటకు విలువ వస్తది.

ఉత్తరాంధ్రలో సాలూరులో గిరిజన గర్భిణుల కోసం వసతి గృహం పెట్టిన్రు. డోలీలో మోసుకొచ్చే దాకా ఆగకుండా, కాన్పు తేదీకి ముందే వచ్చి ఉండొచ్చు, తిండి పెడతరు. మన నల్లమలకు, మన నడిగడ్డకు అది పనికిరాదా?

మనం అడగాల్సింది

మొదటిది, చిట్టీతో పాటు మనిషి. ఆశాకో, ఊరి మనిషికో తోడు పోయిన రోజుకు కూలి, తిండి, చార్జీలు ఇవ్వాలి. ప్రసవానికి తోడు పోయినప్పుడు ఆశాకు ఇచ్చే తీరు పాము కాటుకూ, పక్షవాతానికీ, క్యాన్సర్‌కూ ఉండాలి.

రెండోది, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్ దవాఖానల్లో గిరిజన సహాయ కేంద్రం. అందులో గోర్‌బోలీ తెలిసిన మనిషి, చెంచు మనిషి ఉద్యోగులుగా ఉండాలి. పోయే ముందే ఇక్కడి డాక్టరు అక్కడికి ఫోన్ చేసి చెప్పాలి.

మూడోది, తోడు వచ్చినోళ్లకు పండుకునే జాగ, అన్నం.

నాలుగోది, తిరుగు చిట్టీ. పెద్ద దవాఖాన ఏం చేసిందో పీహెచ్‌సీకి రాయాలి. ఇప్పుడు మనోళ్లు ఒక సంచిల కాగితాలు తెచ్చుకొని ఆర్‌ఎంపీకి చూపెడుతున్నరు.

ఐదోది, లెక్క మార్చాలి. ఎంతమందిని పంపిన్రు అన్నది వద్దు. ఎంతమంది చేరిన్రు, ఎంతమంది బతికి తిరిగొచ్చిన్రు అన్నది రాయాలి. చేరనోళ్ల ఇంటికి వారంలోపు పోయి ఎందుకని అడగాలి.

ఆరోది, కర్నూలు, రాయచూరు దవాఖానలతో నడిగడ్డ కోసం రాతపూర్వక ఒప్పందం.

కొన్ని హక్కులు ఇప్పటికే ఉన్నయి, మనమే వాడుకుంటలేం. 2011 జూన్ నుంచి ఉన్న జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద గర్భిణికి, జబ్బు చేసిన శిశువుకు సర్కారు దవాఖానలో మందులు, పరీక్షలు ఉచితం. ఇంటి నుంచి దవాఖానకు, ఒక దవాఖాన నుంచి ఇంకోదానికి, మళ్లీ ఇంటికి బండి ఉచితం. ఎక్కడో చచ్చిపోతే శవాన్ని తెచ్చుకోలేమనే భయం మన పెద్దోళ్లకు మస్తుగ ఉంటది. సర్కారు దవాఖానలో చనిపోయినోళ్లను ఇంటికి చేర్చడానికి తెలంగాణలో 2016 నుంచి ఉచిత పరమపద వాహనాలు ఉన్నయి. ఈ మాట బతికున్నప్పుడే చెప్పాలి. శవాన్ని గౌరవంగా ఊరికి తెస్తరని తెలిస్తే, బతకడానికి పోయేటందుకు ధైర్యం వస్తది.

ఈ వారమే మొదలుపెట్టండి

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, సర్కారు కదిలేదాకా మనం కూసుంటే నడవదు. మీ తండాలో, మీ పెంటలో ఒక నోటు పుస్తకం పెట్టండి. ఎవరికి ఎక్కడికి రాసిచ్చిన్రు, పోయిన్రా, పోకపోతే ఎందుకు, పోతే ఏమైంది. పేర్లు ఊరి బయటికి పోనియ్యకండి, లెక్క మాత్రం గ్రామసభ ముందు పెట్టండి. ఆరు నెలల లెక్క ఉంటే కలెక్టర్ దగ్గర మన మాటకు బరువు ఉంటది. నర్సింగ్, ఫార్మసీ, ల్యాబ్ కోర్సులు చదివినోళ్ల నంబర్లు ఒక్కచోట రాయండి. గద్వాలలో ఒకరు, మహబూబ్‌నగర్‌లో ఒకరు, హైదరాబాద్‌లో ఒకరు ఉంటే చాలు, సగం భయం పోతది. ఊరి ఆర్‌ఎంపీతో తగువు పెట్టుకోకండి. కూసోబెట్టి మాట్లాడండి: ఈ గుర్తులు కనపడితే సెలైన్ పెట్టకుండ పంపు, సర్కారు దవాఖానకు పంపు, మేం తోడు పోతం అని చెప్పండి.

ముసలామె చేతిలో చిట్టీ పెట్టి 'పో అవ్వా' అంటే ఆమె పోదు. "రేపు ఆరింటి బస్సుకు నేనొస్త, నువ్వు బువ్వ కట్టుకో" అంటే పోతది. ఈ రెండు మాటల నడుమ మన ఊర్లల్లో ఎన్నో ప్రాణాలు ఆగి ఉన్నయి.